లోపలి కుండ

ముందు ఆ ఫోను బోర్లా పెట్టు. ఆ తెల్ల జుబ్బా మనిషి నవ్వు ఇంకొంచెం సేపు చూశానంటే నా చేతిలో ఉన్న చాయ్ దాని మీదే పడుతుంది. "స్త్రీల రహస్య సమస్యలకు ఇరవై ఒక్క మూలికల చూర్ణం, వైరస్‌ను వేళ్లతో సహా పీకేస్తుంది" అంటున్నాడు. ఏ మూలికో చెప్పడు. ఏ సమస్యో చెప్పడు. అది ఆడదానికి ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అసలే చెప్పడు. రహస్యం అన్న మాట మాత్రం ఇంత చిన్న వీడియోలో మూడుసార్లు అన్నాడు. నాకు మోకాళ్లు పోయాయి గానీ చెవులు పోలేదు. నువ్వేమో అప్పుడే అటక మీద సామాను దించుతూ ఎర్రమట్టి జాజు అంటుకుపోయిన మట్టిగిన్నె తెచ్చి, "అమ్మమ్మా, ఇది ముగ్గులకా?" అని అడుగుతున్నావు. ముగ్గులకు కాదు బిడ్డా. కూర్చో, నోటుబుక్కు తియ్యి. నా మాటలను నువ్వు బడి భాషలోకి దిద్దుకుంటే దిద్దుకో, మా వాళ్ల మాటలు మాత్రం వాళ్లు అన్నట్టే ఉంచు. రాయడానికి ఇబ్బందిగా ఉన్నచోట ఆగకు.

ఆ గిన్నె మా అత్తది. గంగవ్వ. నేను పదహారేళ్లకు బాన్సువాడలో ఈ కుమ్మరింటికి కోడలిగా వచ్చేనాటికి ఆమె చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ మట్టి రంగులోనే ఉండేవి. పొద్దున లేస్తే మామ మంజీర ఒండ్రు తొక్కి ముద్దలు చేసేవాడు, నా పెనిమిటి సారె తిప్పేవాడు, అత్తా నేనూ కుండలు తట్టి ఎండలో పెట్టేవాళ్లం. ఇంటి వెనక కుండలు కాల్చే ఆవం. చొప్ప కట్టెల పొగ, పచ్చిమట్టి మీద నీళ్లు చల్లితే వచ్చే వాసన, అత్త నోట్లో పొగాకు వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. ఆదివారం, గురువారం మాత్రం ఇంకో వాసన ఉండేది, తడి జాజుది. ఆ రోజుల్లో పరగడుపున జనం అక్కి రాయించుకోవడానికి వచ్చేవాళ్లు. అక్కి అంటే ఒంటి మీద ఒక్కచోట గుత్తిగా లేచే నీటి పొక్కులు. మంటకు మనిషి చొక్కా కూడా వేసుకోలేడు. అది పాములా నడుము చుట్టూ పాకుతుందనీ, తల తోకను కలిస్తే మనిషి బతకడనీ నమ్మకం. అందుకే కుమ్మరి మనిషి జాజులో ఈతపుల్ల ముంచి, పొక్కులకు అటూ ఇటూ సింహం బొమ్మ గీసి దాని దారి మూసేవాడు. గీయడం అనం, రాయడం అంటాం. మా ఇంట్లో ఎవరికీ అక్షరం ముక్క రాదు, అందరూ రాసేవాళ్లే.

ఒంటి మీద రాసే పని మాత్రం మగవాళ్లది. మామ రాసేవాడు. నడుము మీదైనా వీపు మీదైనా సరే, ఆడవాళ్లు కొంగు చాటు చేసుకుని రాయించుకునేవాళ్లు. మరి ఆ పొక్కులు చూపించకూడని చోట లేస్తే? ఆ ఆడవాళ్లు ఆదివారాలు రాలేదు. సోమవారం అంగడి రోజున కుండలు కొనేదానికని వచ్చి, అన్నీ వేలితో కొట్టి చూసి, చివరికి అత్త పక్కన ఒదిగి, "లోపలి కుండ ఉన్నదా అవ్వా?" అనేవాళ్లు. వచ్చిన కొత్తలో నాకు తెలియక, "లోపలున్నయి, బయటున్నయి, అన్నీ ఒక్క తీరువే కదా" అని గట్టిగా అరిచాను. అత్త నా తొడ మీద గిల్లిన గిల్లుడు వారం రోజులు నల్లగా ఉంది.

లోపలి కుండ అంటే ఇది. వెడల్పు మూతి కుండలోకి అత్త చెయ్యి పెట్టి, లోపలి గోడ మీద జాజుతో సింహాన్ని రాసేది. బయట నుంచి చూస్తే ఉత్త కుండ. ఆ మనిషి దాన్ని ఇంటికి తీసుకుపోయి, వేపాకూ పసుపూ వేసి కాచిన నీళ్లు అందులో పోసి చల్లార్చి, జాజు కరిగి ఎర్రబడిన ఆ నీళ్లతో కడుక్కోవాలి. తర్వాత గరికా నానబెట్టిన బియ్యమూ కలిపి నూరి పూసుకోవాలి. పెద్ద కొడప్‌గల్ నుంచి రెడ్ల ఇళ్ల ఆడవాళ్లు వచ్చేవాళ్లు, తండాల నుంచి లంబాడీ ఆడవాళ్లు వచ్చేవాళ్లు, మా వాడ వాళ్లు సరే సరి. అందరికీ ఒకటే కుండ, ఒకటే సింహం. పది పదిహేను రోజుల్లో పొక్కులు మాడి పోయేవి. మా అత్త చేతి మహిమ అని పేరు. మళ్లీ ఆర్నెల్లకు అదే మనిషి అదే కుండ కోసం వస్తే, అది మా మహిమకు మచ్చ అని ఎవరూ అనుకోలేదు. "మల్ల వేడి చేసింది" అనుకున్నారు.

ఆ మాట మీదే నాకు మంట. వేడి! ఆడదానికి అక్కడ ఏదొచ్చినా వేడే. తెలుగులో వేడి అంటారు, మద్నూర్ అవతల మరాఠీ వాళ్లు ఉష్ణత అంటారు, తురకోళ్ల ఇళ్లలో గర్మీ అంటారు. ఏ విషయంలోనూ కలవని మూడు భాషలు ఆడదాని మీద నేరం మోపడంలో ఎంత చక్కగా కలిశాయో చూడు. వేడి అంటే ఆ రోగం దాని ఒంట్లోనే పుట్టిందని కదా. అది మామిడిపండు తిన్నది, అది బెల్లం తిన్నది, అది పొయ్యి ముందు కూర్చున్నది. "అక్కడ" అనే మాట ఇంకొకటి. తల నుంచి కాలి గోటి దాకా ఒంట్లో ప్రతిదానికీ పేరుంది, దానికి మాత్రం లేదు. ఎక్కడ అంటే అక్కడ. ఆ రెండు మాటలు కలిసి నా కళ్ల ముందే ఒక పసిబిడ్డను మింగాయి. అది చెప్పడానికే నిన్ను కూర్చోబెట్టాను.

మా ఆడబిడ్డ సాయవ్వ. నాకంటే ఏడాది చిన్నది. నేను ఈ ఇంటికొచ్చిన ఆర్నెల్లకే దాన్ని మద్నూర్ ఇచ్చారు. ఆ ఆర్నెల్లూ మేమిద్దరం ఒకే గొంగడిలో పడుకుని నవ్విన నవ్వుకు మామ రోజూ తిట్టేవాడు. దాని పెనిమిటి లారీ డ్రైవరు. నాందేడు దాకా, ఇంకా అవతలికి, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. మనిషి చెడ్డవాడేం కాదు, వచ్చినప్పుడల్లా నాకు కూడా గాజులు తెచ్చేవాడు. ఆ సంగతి తర్వాత నా కోపాన్ని ఇంకా పెంచింది గానీ తగ్గించలేదు.

సాయవ్వ మొదటి కాన్పుకు నెలలు నిండాక పుట్టింటికి వచ్చింది. బస్సు దిగడమే కాళ్లు ఎడంగా వేసుకుంటూ నడిచి వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. నన్ను దొడ్లోకి లాగి, "వదినా, ఒంటికి పోతే నిప్పులు పోసినట్టున్నదే" అని ఏడ్చింది. అత్త చూసింది. తర్వాత లేచిపోయి జాజు తడిపింది. ఎంతోమందికి రాసిన మనిషి, ఆ రోజు సింహం తోకను కుండ మూతి దాకా లాగేసింది. ఆ సాయంత్రం అల్లుడు వస్తే అత్త మెల్లగా, "నీకు కూడ ఏమన్న అయిందా బిడ్డా?" అని అడిగింది. ఆయన తల గోక్కుని, "నాకు మొన్న జరంత వేడి చేసిండె అత్తా. ఇంజిన్ పక్కన కూసుండి కూసుండి. డ్రైవర్లందరికి అయితది" అన్నాడు. అత్త నమ్మింది. లేదా నమ్మినట్టు ఊరుకుంది. చూశావా, ఆయన వేడి ఇంజిన్‌ది, దాని వేడి దాని ఒంటిది!

జ్వరం తగ్గకపోయేసరికి దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ ఒక సిస్టరమ్మ ఉండేది. మన పక్క కిరస్తానీ ఆమే, బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం బండి మీద కూరగాయలమ్మే వాళ్ల గొంతు. "ఒంటి మీద ఏమన్న పొక్కులు లేసినయా?" అని అడిగింది. సాయవ్వ తల వంచుకుని, "అక్కడ" అంది. సిస్టరమ్మ, "అక్కడంటే ఏడ?" అంది. చుట్టూ జనం. మందు రాసిచ్చే ఆయన కూడా అక్కడే నిలబడి ఉన్నాడు. సాయవ్వ నోరు తెరిచే లోపల మా అత్త ముందుకొచ్చి, "నడుము మీద సిస్టరమ్మా. అక్కి. మేం కుమ్మరోళ్లం, మాకు గది ఎర్కనే" అంది. "నడుము మీద అక్కి అయితే పిల్లకేం ఫికర్ లేదు" అని ఆమె జ్వరానికి గోలీలిచ్చి పంపింది. నేను అక్కడే ఉన్నాను. సాయవ్వ చెయ్యి నా చేతిలోనే ఉంది. నాకు తెలుసు నడుము మీద కాదని. నోట్లో నాలుక ఉంది. కదల్లేదు. అత్త అబద్ధానికి, నా మౌనానికి పెద్ద తేడా ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

నాలుగో రోజు ఇంట్లోనే మంత్రసాని చేతుల మీద మగపిల్లాడు పుట్టాడు. మంచిగానే ఏడ్చాడు. నిండా జుట్టు. వారం తిరక్కముందే నడినెత్తి మీద మూడు పొక్కులు లేచాయి, చిన్నవి, ఆవగింజల్లా. తర్వాత కంటి కొసకు. పాలు వదిలేశాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుని బిగుసుకుపోయేవాడు. అత్త వాడి నెత్తి మీద కూడా జాజు రాసింది. అరచేతిలో పట్టేంత నెత్తి అది, దాని మీద సింహం ఎట్లా పడుతుంది? తోక లేని సింహాన్ని రాసింది. పన్నెండో రోజు పోయాడు. పేరు పెట్టేదాకా కూడా ఉండలేదు. వాడలో ఆడవాళ్లు వచ్చి కూర్చుని ఏమన్నారో తెలుసా? "తల్లి వేడి పిల్లకు తాకింది. చెప్తె వినది, పచ్చళ్లు తినుడేంది కడుపుతోని" అన్నారు. సాయవ్వ గోడకు ఆనుకుని, పాలు కట్టుకుపోయి రాయిలా అయిన రొమ్ములతో ఆ మాటలు వింది. లారీ మాత్రం మూడో రోజుకే రోడ్డెక్కింది.

నాకు నిద్ర పట్టలేదు. నెల తర్వాత కడుపునొప్పని అబద్ధం చెప్పి ఒక్కదాన్నే దవాఖానకు పోయాను. తెర వెనక సిస్టరమ్మకు మొత్తం చెప్పాను. ఆమె చేతిలో ఉన్న కత్తెరను బల్ల మీద ఠప్పున వేసింది.

"నడుము మీద అన్నరు కదనే!"

"సిగ్గుకు అన్నది మా అత్త."

"మీ సిగ్గుకు ఓ పీనుగు లేశింది ఇంట్ల. నీకైన చెప్పరాలేదా?"

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. ఓదార్చనందుకు ఆమెకు ఇప్పటికీ దండం పెడతాను. నన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. అది వేడి కాదు, మనిషి నుంచి మనిషికి అంటే రోగం. పక్కలో పడుకున్న మనిషి నుంచి వచ్చింది. పొక్కులు మాడిపోతాయి గానీ రోగం పోదు, నరంలో పడుకుని మళ్లీ మళ్లీ లేస్తుంది. "మీ ఆకు నీళ్లతోని మంట జర సల్లవడ్తది కావచ్చు. రోగం సావదు. మీరు రాసినా రాయకున్నా పది రోజులకు అవి మాడుతయి. పేరు మీ కుండకొస్తుంది" అంది. "మరి మీ సూదికి పోతదా?" అని అడిగాను, కాస్త పౌరుషంగానే. "మా దగ్గర కూడ దీనికి మందు లేదు బిడ్డ. తల్లికి మందు లేదు గని, పిల్లకు తొవ్వ ఉన్నది. నొప్పులొచ్చేటప్పుడు పొక్కులుంటె పిల్ల గా తొవ్వల రావద్దు. నిజామాబాద్ తీస్కపోండ్రి, కడుపు కోసి తీస్తరు" అంది. తర్వాత మేం "అక్కడ" అనే ఆ చోటి పేరు చెప్పింది. పుస్తకంలో ఉండే పేరు. "అను" అంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. "అననిది బయటికి పోనియ్య" అంది. మూడుసార్లు అనిపించి పంపింది.

రెండేళ్లకు సాయవ్వ మళ్లీ కడుపుతో వచ్చింది. ఈ మధ్యలో ఆ పొక్కులు నాలుగైదుసార్లు లేచాయి, నాలుగైదు కుండలు మద్నూర్ పోయాయి. నేను సిస్టరమ్మ చెప్పిందంతా అత్తకు చెప్పాను. "నా బిడ్డను కోపిస్తవానె? మా ఇంట్ల ఎవల్ని కోసిండ్రు?" అంది. "నీ బిడ్డ కొడుకును మంట్ల పెట్టింది మర్సినవా అత్తా?" అన్నాను. రెండు నెలలు ఆమె నాతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా గోడకు చెప్పేది, నేను వినేదాన్ని.

ఆ పొద్దున ఆవం పెడుతున్నాం. వాకిట్లో మామ, నా పెనిమిటి, కుండలు ఎత్తడానికొచ్చిన ఇద్దరు మనుషులు, పూలకుండీల కోసం వచ్చిన బడిపంతులు, రోడ్డు మీద లారీ ఆపి వచ్చి చాయ్ తాగుతున్న అల్లుడు. లోపల సాయవ్వకు నొప్పులు మొదలయ్యాయి. నేను చూశాను. రెండు రోజుల కిందటి పొక్కులు, ఇంకా తడిగానే ఉన్నాయి. "అత్తా, లారీ ఉన్నది, నిజామాబాద్ పోదాం" అన్నాను. అత్త అప్పటికే మంత్రసానికి కబురు పంపి, కుండలో చెయ్యి పెట్టి సింహాన్ని రాస్తోంది. నేను ఆ కుండ లాక్కుని వాకిట్లోకి వచ్చి బండ మీద వేసి కొట్టాను. కుమ్మరింటి కోడలు రాసిన కుండను పగలగొట్టడం! ఆవం పేరుస్తున్న మామ చేతులు ఆగిపోయాయి. పెంకుల మీద ఎర్ర సింహం ముక్కలు ముక్కలుగా అందరికీ కనిపించింది. అంతకుముందు ఏ మగవాడూ చూడలేదు దాన్ని.

"సాయవ్వ ……కు పుండ్లున్నయి. పిల్ల గాడికెల్లి వస్తె సస్తది. పోయినసారి పోరడు గట్లనే సచ్చిండు" అన్నాను.

అది పుస్తకం మాట కదా, మామకు అర్థం కాలేదు. "ఏందది? ఏడుంటది?" అని అడిగాడు పాపం, నిజంగానే. పంతులుకు మాత్రం అర్థమై, కుండీ కింద పెట్టి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పోయాడు. నేను మామకు విప్పి చెప్పాను, బిడ్డ బయటికొచ్చే దారి అని. తర్వాత అల్లుడి వైపు తిరిగి, "అన్నా, గది ఇంజిన్ వేడి కాదు. నువ్వు తెచ్చినవ్. నాందేడ్ల తెచ్చినవో యాడ తెచ్చినవో నీకే ఎర్క. గాజులు తెచ్చినట్టే తెచ్చినవ్" అన్నాను. అత్త వచ్చి నా చెంప పగలగొట్టింది. ఆ చెవిలో హోరు ఇప్పటికీ ఉంటుంది, వాన ముసురులో. "ఒర్రకే! ఇజ్జత్ తీస్తున్నవ్!" అంటోంది. ఎవరూ కదలడం లేదు. అల్లుడు చాయ్ గ్లాసు వంక చూస్తున్నాడు.

కదిలింది సాయవ్వ. రెండు చేతులతో గడప పట్టుకుని బయటికి వచ్చింది, జుట్టు విరబోసుకుని. ఎవరినీ చూడలేదు. మొగుడితో, "లారీ తియ్యి" అంది. ఆయన, "ముంగట ఇంజిన్ మీద కూసోవాలె, శానా కాలుతది…" అని నసిగాడు. "నాకేం ఫికర్ లేదు. నాకు పుట్టుకతోనే వేడి కదా" అంది. నొప్పుల్లో ఉన్న మనిషి అన్న మాట అది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకు తెలియదు గానీ, దాన్ని ఎత్తి లారీ ఎక్కించి, వెనక నేను ఎక్కాను. నిజామాబాద్ దాకా ఆయన ఒక్కసారి కూడా మా వైపు చూడలేదు. మధ్యాహ్నానికి కడుపు కోసి ఆడపిల్లను తీశారు. మూడు వారాలు రోజుకు పదిసార్లు దాని నెత్తి తడిమి చూశాను, జుట్టు పాయలు పాయలు విడదీసి. ఒక్క పొక్కు లేదు. అదే మీ పద్మత్త. మొన్న నీకు నీలం చీర తెచ్చి, రంగు బాగాలేదని నువ్వు మూతి ముడిస్తే తిరిగి నిన్నే తిట్టిందే, ఆమె.

తర్వాత వాడంతా నన్ను సిగ్గులేనిదని పిలిచింది, ఏళ్ల తరబడి. పీర్ల పండుగకు పోయినా, అంగడికి పోయినా, "గామెనే, కుండ వలగొట్టినామె" అనేవాళ్లు. ఆ డ్రైవర్‌ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆయనకు ఏ పేరూ పెట్టలేదు. పోయినప్పుడు మంచి మనిషి అని కూడా అన్నారు.

అత్త నన్ను క్షమించమని అడగలేదు, నన్ను క్షమించనూ లేదు. పనిలోనే ఏదో మార్చుకుంది. ఒక సోమవారం అంగడి నాడు, రుద్రూర్ నుంచి వచ్చిన ఒక కొత్త కోడలు అత్త పక్కన ఒదిగి, "లోపలి కుండ ఉన్నదా అవ్వా?" అంది. అత్త పొగాకు ఉమ్మేసి, "పొక్కులు ఏడున్నయి?" అని అడిగింది. ఆ పిల్ల, "అక్కడ" అంది. "అక్కడంటె? నోరు దెరిసి చెప్పు. చెప్పకుంటె కుండ లేదు" అంది మా అత్త, అంగడి నడిమధ్యలో. నా చేతిలో ఉన్న గురిగి ముంత జారిపోయింది. ఆ పిల్ల చెమటలు కారుస్తూ ఏదో గొణిగింది. అత్త దాని కడుపు వంక చూసింది. "నెల తప్పినవా? తప్పితె కుండ తర్వాత, ముందు దవాఖానకు నడువు. మంటకు నా కుండ, పిల్లకు సిస్టరమ్మ" అంది. పోయేదాకా అట్లాగే అడిగింది, ఎవరొచ్చినా. జాజు మానలేదు, సింహాన్ని మానలేదు. ఆమె రాసిందంతా ఆ గిన్నెతోనే.

ఇప్పుడు మీకు డాక్టరమ్మలున్నారు. ఆ రోగానికి మందులు కూడా వచ్చాయంటున్నావు, పోదు గానీ తగ్గించే మందులు. సంతోషం. మరి చదువుకున్న పిల్లవు, ఆఫీసులో పనిచేసే దానివి, ఆ జుబ్బా మనిషి చూర్ణాన్ని చాటుగా ఎందుకు చూస్తున్నావు? లేదు లేదు, నీ కోసం కాదని నువ్వు అంటావు, నీ స్నేహితురాలి కోసం అంటావు. ఎవరి కోసమైనా సరే. మా అత్త కుండైనా చేతికి తగిలేది, రాసిన మనిషి మొహం తెలిసేది. వాడు ఏం అమ్ముతున్నాడనుకున్నావు? మూలికలు కాదు. నీ సిగ్గును నీకే అమ్ముతున్నాడు. రేపు ఆ పిల్లను తీసుకుని దవాఖానకు పో. నేను కూడా వస్తాను, ఆటోలో కూర్చోగలను.

ఏదీ, రాసింది చదివి వినిపించు. ఆ… ఆ… వాకిట్లో నేను కుండ పగలగొట్టిన చోటికి రా. ఆగు. "సాయవ్వ" తర్వాత ఏం రాశావు? చుక్కలా? అంత మంది మగవాళ్ల మధ్య నేను నోటితో అన్న మాటను, ఇంట్లో మనిద్దరమే ఉండి కాగితం మీద పెట్టడానికి నీ చెయ్యి రాలేదా? కొట్టెయ్ ఆ చుక్కలు. యోని. రాయి. రాయకుంటే కుండ లేదు.